నీలిమందు నుండి తలరంగు వరకు: గండికోట సీమ నేర్పే పాఠం

సౌందర్య సాధనాల విషయమై పాఠకులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "డాక్టరుగారూ, సహజమైనవి వాడడం మంచిదా, రసాయనాలతో చేసినవి వాడడం మంచిదా?" ముఖ్యంగా నెరసిన వెంట్రుకలకు వేసుకొనే రంగును గురించి ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. దీనికి ఒక్క వాక్యంలో సమాధానం చెప్పవచ్చును. కాని అట్టి సమాధానం ఎవరికీ గుర్తుండదు. కొంత చరిత్ర తెలిసినప్పుడే విషయం మనసుకు పడుతుంది.

ఆ చరిత్ర కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. గండికోట చుట్టుపట్ల గల జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలు ఒకప్పుడు ప్రకృతిసిద్ధమైన రంగును దేశాంతరాలకు ఎగుమతి చేసినవి. తరువాత కర్మాగారంలో పుట్టిన రంగు పోటీకి తట్టుకోలేక ఆ వర్తకాన్ని పోగొట్టుకొన్నవి. నేడు ఇవే ప్రాంతాల ఆసుపత్రులకు మరొక కర్మాగారపు రంగు వలన విషప్రభావానికి గురైన రోగులు వస్తున్నారు. ఈ మూడు ఘట్టాలను వరుసగా చూస్తే పై ప్రశ్నకు సమాధానం దానంతట అదే తేలుతుంది.

గండికోటకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు

ఎఱ్ఱమల కొండలను పెన్నానది చీల్చుకొని పారే చోట వెలసిన దుర్గం గండికోట. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఖ్యాతి గాంచిన ఈ కోటను గోల్కొండ సుల్తాను తరఫున మీర్ జుమ్లా వశపరచుకొన్నాడు. 1652లో జాన్ బాప్తిస్త్ తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఇక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. గోల్కొండ సుల్తానుకు అమ్మదలచిన ముత్యాలను ముందుగా మీర్ జుమ్లాకు చూపవలసి ఉండడమే ఆ రాకకు కారణం. ఆయన యాత్రాగ్రంథం 1676లో పారిసులో అచ్చయింది. గండికోట చరిత్ర వ్రాసేవారందరూ ఆ గ్రంథాన్ని పేర్కొంటారు.

అదే గ్రంథంలో నీలిమందును గురించి కూడ ఒక భాగం ఉన్నది. అది గండికోటను గురించి వ్రాసినది కాదు. హిందూదేశంలో నీలిమందు తయారయ్యే తీరును, దాని వర్తకాన్ని వివరించేది. వైద్యుడినైన నన్ను అందులో ఆకర్షించినది నీలిపొడిని జల్లెడ పట్టే కూలీల వర్ణన. వారు ముఖానికి గుడ్డ కట్టుకొని, కళ్ళకు మాత్రం చిన్న రంధ్రాలు ఉంచుకొని పని చేసేవారట. మాటిమాటికి పాలు త్రాగేవారట. కొన్ని దినాలు ఆ పని చేసిన తరువాత వారి ఉమ్మి నీలంగా వచ్చేదట. ఉదయం ఒక కోడిగ్రుడ్డును జల్లెడ పట్టే మనిషి ప్రక్కన ఉంచి సాయంకాలం పగులగొట్టి చూస్తే లోపల అంతా నీలంగా ఉండేదని కూడ తావెర్నియే వ్రాశాడు.

గ్రుడ్డు మాట ఎంతవరకు నిజమో అటుంచుదాం. పాలు త్రాగితే ఊపిరితిత్తులలోని ధూళి పోతుందన్న నమ్మకానికి శాస్త్రాధారం లేదు. కాని గాలిలో తేలే సన్నని ధూళి మనిషి శ్వాసమార్గంలోకి చేరుతుందని, దానిని అడ్డుకొనడానికి ముఖానికి గుడ్డ అవసరమని ఆ కూలీలు తమ అనుభవంతో గ్రహించారు. ఆ ధూళి ఏ కర్మాగారపు రసాయనమో కాదు, చేలో పెరిగిన మొక్క నుండి తీసినది. అంటే మూడువందల డెబ్బది ఏండ్ల క్రిందటనే, సహజమైన రంగుతో పని చేసేవారు జాగ్రత్త అవసరమని ఎరిగి ఉన్నారన్నమాట.

ఆకులో లేని నీలం

నీలిమొక్క ఆకును నలిపి చూస్తే నీలం కనబడదు. అందులో ఉండేది ఇండికాన్ అనే వర్ణరహిత పదార్థం. కోసిన ఆకును తొట్లలో నీటిలో నానవేసినప్పుడు అది పులిసి, ఇండికాన్ విడిపోయి ఇండాక్సిల్ అనే పదార్థం పుడుతుంది. ఆ నీటిని మరొక తొట్టిలోకి వదలి మనుషులు దిగి తెడ్లతో బాగా చిలుకుతారు. గాలిలోని ప్రాణవాయువు సోకి ఇండాక్సిల్ అణువులు రెండేసి కలిసి నీలి రంగుగా మారుతాయి. నీటిలో కరగని ఆ నీలం అడుగుకు పేరుకొంటుంది. దానిని వడకట్టి, బిళ్ళలుగా కోసి ఎండబెడితే అదే అంగటి నీలిమందు.

1800లో నైజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించగా ఇది దత్తమండలాలలో భాగమైంది. పందొమ్మిదవ శతాబ్దిలో మద్రాసు రాజధానిలో నీలి సాగుకు కడప, కర్నూలు, నెల్లూరు, దక్షిణ ఆర్కాటు జిల్లాలు పేరు గాంచినవి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణాలలో ప్రత్తితో పాటు నీలిమందు వర్తకం సాగేది. బెంగాలులో ఐరోపా తోటల యజమానులు రైతులను నిర్బంధించి నీలి వేయించడం, 1859లో రైతులు తిరగబడడం చరిత్ర ప్రసిద్ధం. మన వైపు అట్టి తోటల దొరల పెత్తనం అంతగా లేదు. ప్రధానంగా రైతులు, దేశీయ వర్తకులే ఆకును పండించి, మందును తీసి అమ్ముకొనేవారు. అందువలన ఆ వర్తకం పోయినప్పుడు నష్టం కూడ నేరుగా వారికే తగిలింది.

గడ్డ మీద పుట్టిన నీలానికి, గాజుపాత్రలో పుట్టిన నీలానికి తేడా ఏమి?

1856లో విలియం పెర్కిన్ అనే పదునెనిమిదేండ్ల ఆంగ్ల విద్యార్థి మలేరియా ఔషధమైన క్వినైనును కృత్రిమంగా తయారు చేయబోయి, బొగ్గు తారు నుండి లభించే ఎనిలిన్ ద్వారా ఊదారంగును కనుగొన్నాడు. కృత్రిమ రంగుల యుగానికి అదే ఆరంభం. జర్మనీకి చెందిన అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1880 నాటికి నీలిమందును ప్రయోగశాలలో తయారు చేశాడు. 1883లో దాని అణునిర్మాణాన్ని వెల్లడించాడు. 1905లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ప్రయోగశాలలో చేసినంత మాత్రాన వర్తకం సాగదు. చవకగా చేయగలగాలి. బి.ఎ.ఎస్.ఎఫ్. అనే జర్మను సంస్థ అందుకై ఏళ్ళ తరబడి శ్రమించింది. నాఫ్తలీన్‌ను, అంటే మనం బట్టల పెట్టెలో వేసుకొనే కలరా ఉండల పదార్థాన్ని, కావలసిన రూపంలోకి మార్చడం కష్టమైన మెట్టు. ఒక రసాయనజ్ఞుని చేతిలోని ఉష్ణమాపకం ఆ మిశ్రమంలో పగిలి, అందలి పాదరసం కలియడంతో ఆ చర్య సులువుగా సాగిందని చెబుతారు. 1897లో ఆ సంస్థ కృత్రిమ నీలిమందును విపణిలోకి విడుదల చేసింది. ఆ ఏట మొక్కల నుండి లభించిన నీలిమందు సుమారు 19,000 టన్నులు. 1914 నాటికి అది సుమారు 1,000 టన్నులకు పడిపోయింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జర్మను సరుకు రాక ఆగిపోయి మన నీలికి కొంత గిరాకీ వచ్చింది గాని, యుద్ధానంతరం అదీ నిలువలేదు.

ఇక్కడ వైద్యదృష్టితో గమనించవలసిన విషయం ఉన్నది. జమ్మలమడుగు తొట్టిలో అడుగుకు దిగిన నీలం అణువు, జర్మను కర్మాగారంలో తయారైన నీలం అణువు అచ్చముగా ఒకటే. శరీరానికి ఆ రెంటిలో ఏది చేలో పుట్టిందో, ఏది యంత్రంలో పుట్టిందో తెలిసే మార్గం లేదు. తేడా వచ్చేది దానితో కలిసి వచ్చే మలినాలలో. మొక్కల నీలంలో ఎఱుపు, గోధుమవన్నె పదార్థాలు, ఆకు పిప్పి, మట్టి ఉంటాయి. కృత్రిమ నీలంలో ఎనిలిన్ వంటి తయారీ అవశేషాలు మిగిలి ఉండవచ్చును. కనుక "ఇది ఎక్కడ పుట్టింది" అని అడగడం కంటె "ఇందులో ఏమేమి ఉన్నవి, ఎంతెంత ఉన్నవి" అని అడగడం ప్రయోజనకరం.

నల్లని వెంట్రుకల కోసం

నెరసిన జుట్టును నల్లబరచుకోవాలన్న కోరిక కొత్తది కాదు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో సుగంధద్రవ్యాలను గూర్చిన అధ్యాయంలో తలరంగు తయారీ విధానం ఉన్నది. అరికెలను పులిసిన ద్రవంలో ఇనుప పాత్రలో ఉడికించి, ఇనుప రజను చేర్చి నూరి తలకు పట్టించాలి. తరువాత ఉసిరిక పిండి పట్టించాలి. ఇనుము, ఉసిరికలోని వగరు పదార్థం కలిస్తే నల్లని వర్ణం పుడుతుంది. పాతకాలపు వ్రాత సిరాలోని నలుపు కూడ ఇట్టిదే. మన ఇండ్లలో గోరింటాకును ఇనుప మూకుడులో రాత్రంతా నానబెట్టడం వెనుక ఉన్నదీ ఈ తెలివియే.

గోరింటాకులో లాసోన్ అనే పదార్థం ఉంటుంది. అది వెంట్రుకకు ఎఱుపు కలిసిన నారింజ వన్నె ఇస్తుందే తప్ప నలుపు ఇవ్వదు. గోరింటాకు పెట్టి కడిగిన తరువాత నీలిఆకు పొడిని నీటితో కలిపి పట్టిస్తే నలుపుకు దగ్గరి వన్నె వస్తుంది. ఇక్కడ నీలిమందు బిళ్ళను అరగదీసి పూస్తే పని జరుగదు. అది అప్పటికే పూర్తయిన నీలం, నీటిలో కరగదు, వెంట్రుక లోపలికి దిగదు. ఆకు పొడిలో ఇండికాన్ ఇంకా మిగిలి ఉంటుంది గనుక తడిపినప్పుడు ఇండాక్సిల్ పుట్టి, ఆ చిన్న అణువు వెంట్రుకలోకి దూరి, అక్కడ గాలి సోకి నీలంగా మారి చిక్కుకొంటుంది.

కృత్రిమ తలరంగు పనిచేసే ఉపాయం కూడ సరిగా ఇదే. దాని ప్రధాన పదార్థం పారాఫినైలిన్ డయమీన్. దీనిని సంక్షిప్తంగా పి.పి.డి. అంటారు. 1863లో హాఫ్‌మన్ అనే జర్మను రసాయనజ్ఞుడు దీనిని వివరించాడు. 1883లో ఫ్రాన్సులో తలరంగుగా దీనికి పేటెంటు లభించింది. వర్ణరహితమైన ఈ చిన్న అణువును హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిపి పట్టిస్తే, వెంట్రుకలోకి దిగి, ప్రాణవాయువుతో చర్య జరిగి, పెద్ద నల్లని అణువులుగా మారి అక్కడే నిలిచిపోతుంది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నుండి ప్రపంచమంతటా తలరంగుల పరిశ్రమ ఈ పునాది మీదనే పెరిగింది.

ఉపాయం ఒకటే అయినా అణువులు వేరు. పి.పి.డి. మార్పు చెందే మధ్యదశలో పుట్టే పదార్థాలు చర్మంలోని మాంసకృత్తులకు గట్టిగా అంటుకొంటాయి. కొందరి శరీరం వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకొంటుంది. ఒకసారి ఆ గుర్తు ఏర్పడితే జీవితాంతం పోదు. పదేండ్లు ఏ ఇబ్బంది లేకుండా వాడినవారికి పదకొండవ ఏట నెత్తి దురద, కనురెప్పల వాపు, చెవుల వెనుక రసి కారడం మొదలు కావచ్చును. "ఇన్నాళ్ళూ వాడాను గదా, ఏమీ కాలేదే" అనే మాట ఈ విషయంలో చెల్లదు.

చట్టం మేల్కొన్న తీరు

1933 ప్రాంతంలో అమెరికాలో కనురెప్పల వెంట్రుకలకు వేసే ఒక రంగు అంగడిలోకి వచ్చింది. అందులో పి.పి.డి. జాతి రంగు ఉన్నది. దాని వలన కొందరు స్త్రీల కళ్ళు దెబ్బతిన్నవి. ఒకరు చూపు పూర్తిగా కోల్పోయారు, మరొకరు మరణించారు. అప్పటి చట్టం ప్రకారం సౌందర్య సాధనాన్ని అంగడి నుండి తీసివేసే అధికారం ప్రభుత్వానికి లేదు. ప్రజలలో కలిగిన ఆందోళన ఫలితంగా 1938లో ఆహార, ఔషధ, సౌందర్య సాధనాల చట్టం వచ్చింది.

మన దేశంలో 1940 నాటి ఔషధాల చట్టం పరిధిలోకి 1962 సవరణ ద్వారా సౌందర్య సాధనాలను చేర్చారు. 2020లో సౌందర్య సాధనాలకు ప్రత్యేక నియమావళి వచ్చింది. వన్నె కోసం సీసము, ఆర్సెనిక్ సమ్మేళనాలను వాడరాదు. తలరంగుల మీద, ముందుగా చర్మంపై పరీక్షించి చూసుకొనాలని, కనుబొమలకు, కనురెప్పలకు వాడితే అంధత్వం కలుగవచ్చునని ఇంగ్లీషులోను స్థానిక భాషలలోను హెచ్చరిక ముద్రించాలని నియమం ఉన్నది. ఈ హెచ్చరికను చదివినవారు మనలో ఎందరు?

పేరు మాత్రం మిగిలిన సహజత్వం

మొరాకో దేశంలో స్త్రీలు అనాదిగా తకావుట్ అనే పదార్థంతో జుట్టు నల్లబరచుకొనేవారు. అది ఒక జాతి చెట్టు మీద ఏర్పడే కాయవంటి బుడిపె. వగరు పదార్థం అధికంగా గలది, హాని లేనిది. అది క్రమంగా అరుదైపోయింది. దాని స్థానంలో వర్తకులు పి.పి.డి.ని తెచ్చి, అదే పేరుతో అమ్మసాగారు. పేరు పాతది, పదార్థం కొత్తది. అమ్మమ్మల నాటి వస్తువే గదా అన్న నమ్మకంతో అది ఇంటింటా చేరింది. ఆ దేశపు ఆసుపత్రులలో దాని విషప్రభావంతో మరణాలు సంభవించినవి.

మన అంగళ్ళలో "నల్ల గోరింటాకు" అని, "హెర్బల్" అని అమ్ముడయ్యే పొడులలో కొన్నింటి కథ ఇదే. పొట్లం మీద ఆకుల బొమ్మ ఉంటుంది. వెనుక చిన్న అక్షరాలలో ఫినైలిన్ డయమీన్ ఉంటుంది. కొన్నిటి మీద ఆ మాట కూడ ఉండదు. వీటిని గుర్తుపట్టడానికి పాఠకులకు ఒక సులువైన మార్గం చెబుతాను. శుద్ధమైన గోరింటాకు ఎన్నడూ ఒంటరిగా నలుపు ఇవ్వదు. అది వన్నె పట్టడానికి గంటలు కావాలి. నీలిఆకు వన్నె ఒకటి రెండు దినాలలో క్రమంగా ముదురుతుంది. ఒకే పూతతో పావుగంటలోనో అరగంటలోనో కారునలుపు వచ్చిందంటే, పొట్లం మీద ఏమి వ్రాసి ఉన్నా, అది కేవలం ఆకు పొడి కాదని గ్రహించాలి.

మన ఆసుపత్రులలో చూస్తున్నది

తలకు పూసుకొనడానికి ఉద్దేశించిన రంగు కడుపులోకి పోతే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. రాయలసీమ ఆసుపత్రులలో పనిచేసిన వైద్యులెవరికీ ఈ విషప్రభావం అపరిచితం కాదు. తిరుపతి, వెల్లూరు, ఉత్తరాన ఝాన్సీ బోధనాసుపత్రుల వైద్యులు దీనిపై వ్యాసాలు ప్రచురించారు. కుటుంబ కలహం వలననో, అప్పుల బాధ వలననో క్షణికావేశంలో ఈ పని చేసినవారే రోగులలో అధికం. వారిలో ఎక్కువమంది యువతీయువకులు. పొరపాటున నోట పెట్టుకొన్న పసిపిల్లలూ ఉంటారు.

దీనిని గురించి ప్రతి కుటుంబం తెలిసికొనవలసిన సంగతులు ఇవి. మొదటి గంటలలో రోగి మామూలుగానే కనబడవచ్చును. అది చూసి ధైర్యపడి ఇంటివద్ద ఉంచుకొనరాదు. కొద్ది గంటలలో ముఖము, మెడ, నాలుక, గొంతు వాచి ఊపిరి ఆడకుండా పోవచ్చును. ఆ సమయంలో శ్వాసనాళానికి రంధ్రం చేసే ట్రకియాస్టమీ అనే శస్త్రచికిత్స వలననే ప్రాణం నిలుస్తుంది. ఆ గండం గడిచిన తరువాత కండరాలు కరిగి, మూత్రం ముదురు గోధుమ వన్నెకు తిరిగి, మూత్రపిండాలు పనిచేయడం మానవచ్చును. గుండె కండరం కూడ దెబ్బతినవచ్చును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. శ్వాసను కాపాడడం, ద్రవాలు ఎక్కించడం, అవసరమైతే డయాలిసిస్ చేయడం మాత్రమే చికిత్స. కాని సకాలంలో చేరినవారిలో బ్రతికి బయటపడేవారు ఎందరో ఉన్నారు. కనుక 108కి ఫోను చేసి, ట్రకియాస్టమీ, డయాలిసిస్ సౌకర్యాలు గల పెద్ద ఆసుపత్రికి వెంటనే తరలించాలి. ఉప్పునీళ్ళు త్రాగించడం, బలవంతంగా వాంతి చేయించడం వంటి ప్రయత్నాలతో కాలం వృథా చేయరాదు. డబ్బాను లేదా పొట్లాన్ని వెంట తీసుకొనిపోతే వైద్యునికి సహాయమవుతుంది.

గ్రామాలలో పురుగుమందు డబ్బాకు తాళం వేయాలని మేము నలుబది ఏండ్లుగా చెబుతూ వచ్చాము. తలరంగును కూడ ఆ విధంగానే పిల్లలకు అందకుండ, కళ్ళ ఎదుట ఉండకుండ భద్రపరచాలి. మనసు కుంగిపోయినవారితో ఇంట్లోవారు కూర్చుండి నెమ్మదిగా మాట్లాడాలి. మాట్లాడే మనిషి లేనప్పుడు 14416 అనే టెలిమానస్ ఉచిత నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చును. తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.

అయితే సహజమైనవన్నీ మంచివేనా?

ఇంతవరకు చదివినవారు "చూశారా, రసాయనాలన్నీ విషమే" అనుకొనే ప్రమాదం ఉన్నది. అది సరియైన నిర్ణయం కాదు.

సురమా కోసం నూరే రాయి భూమిలో దొరికే సహజ ఖనిజమే. అది సీసపు సమ్మేళనం. పసిపిల్లల కళ్ళకు పెడితే సీసం శరీరంలోకి చేరి మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. ఇంగిలీకం కూడ సహజ ఖనిజమే, అది పాదరసపు సమ్మేళనం. పూర్వకాలపు సిందూరం సీసపు భస్మం. పసుపుకు సున్నం వంటి క్షారం చేర్చి చేసే కుంకుమ వేరు, చవక రంగులు కలిపి అదే పేరుతో అమ్మే ఎఱ్ఱపొడి వేరు. ఆ పొడి వలన నుదుటి మీద నల్లమచ్చలు పడినవారిని చర్మవైద్యులు తరచు చూస్తారు. బొట్టుబిళ్ళల వెనుక జిగురులోని ఒక పదార్థం వలన నుదుటి మీద తెల్లమచ్చ ఏర్పడడమూ వైద్యులకు తెలిసినదే. శుద్ధమైన గోరింటాకు సైతం, జి6పిడి అనే ఎంజైము లోపించిన పసిబిడ్డలకు ఒంటినిండ పూసినప్పుడు రక్తకణాలు విరిగిపోయి కామెర్లు వచ్చిన సందర్భాలు వైద్యగ్రంథాలలో ఉన్నవి.

మరొక వైపు, కర్మాగారంలో తయారయ్యే శుద్ధమైన వాసలీను ఎన్నో మూలికా లేపనాల కంటె చర్మానికి సురక్షితమైనది. చర్మం పగిలిన వృద్ధులకు నేను సంకోచం లేకుండ సూచించేది దానినే. కనుక పుట్టుకను బట్టి పదార్థానికి మంచిచెడ్డలు నిర్ణయించరాదు. ఏ అణువు, ఎంత మోతాదు, శరీరంలో ఏ మార్గాన ప్రవేశిస్తుంది, ఎవరి శరీరం, ఎంత శుద్ధమైనది అనే ఐదు విషయాలను చూసి నిర్ణయించాలి. తావెర్నియే చూసిన కూలీలకు నీలం హాని చేసినది ఊపిరి ద్వారా. అదే నీలంతో అద్దిన చీర కట్టుకొన్నవారికి ఏమీ కాలేదు.

పాఠకులకు నా సూచనలు

తలకు రంగు వేసుకొనడం తప్పు కాదు. వేసుకొనకపోవడమూ తప్పు కాదు. వేసుకొనేవారు ఈ జాగ్రత్తలు పాటించాలి.

పొట్లం ముందువైపు బొమ్మను కాక వెనుకవైపు పదార్థాల జాబితాను చదవండి. ఇంగ్లీషు రానివారు పిల్లలచేత చదివించుకొనండి. ఫినైలిన్ డయమీన్, టోలూయిన్ డయమీన్ అనే మాటలు ఉంటే అది ఏ ఆకు బొమ్మ గలదైనా కృత్రిమ తలరంగే. జాబితాయే లేని విడిపొడులను కొనవద్దు.

ప్రతిసారీ వాడబోయే ముందు, తయారీదారు సూచించిన విధంగా, చెవి వెనుకనో మోచేతి మడతలోనో కొద్దిగా పూసి ఒకటి రెండు దినాలు చూడండి. దురద, ఎఱుపు, పొక్కులు వస్తే ఆ రంగును మళ్ళీ తాకవద్దు. నెత్తి మీద పుండ్లు, గాయాలు ఉన్నప్పుడు వేయవద్దు. చెప్పిన సమయం కంటె ఎక్కువసేపు ఉంచవద్దు. చేతికి తొడుగులు వేసుకొనండి. మంగలి దుకాణంలో, బ్యూటీ పార్లరులో దినమంతా ఇతరులకు రంగు వేసేవారికి ఇది మరింత ముఖ్యం. కనుబొమలకు, మీసానికి, కనురెప్పలకు పూసే అలవాటు ఉంటే మానండి. పెండ్లిళ్ళలో, తిరునాళ్ళలో చేతులకు వేసే కారునలుపు గోరింటాకు పిల్లలకు వేయించవద్దు.

పి.పి.డి. పడనివారికి గోరింటాకు, నీలిఆకు పొడులు ప్రత్యామ్నాయం కాగలవు. వాటిలో వేరే రంగు కలపలేదని నమ్మకమున్న చోటనే కొనాలి, వాటిని కూడ ముందుగా పరీక్షించి చూడాలి.

నీలిమొక్క మన జిల్లా నుండి పూర్తిగా మాయం కాలేదు. పచ్చిరొట్టగా భూమికి సారం ఇచ్చే పైరుగా, ఆకు పొడికి ముడిసరుకుగా దానికి నేడు మళ్ళీ కొంత గిరాకీ వచ్చింది. మన రైతుకు ఆ గిరాకీ నిలవాలంటే "సహజం" అనే మాటకు విలువ ఉండాలి. కల్తీ పొడి ఒక్కటి ఒకరి ముఖాన్ని వాపుతో నింపితే, నిజమైన ఆకు పండించిన రైతు మీద కూడ నమ్మకం పోతుంది. అందుచేత తలరంగుల మీద ఉండవలసిన హెచ్చరికను కంటికి కనబడే తెలుగు అక్షరాలలో ముద్రింపజేయడం, విడిపొడుల నమూనాలను తరచుగా పరీక్షింపజేయడం ఔషధ నియంత్రణాధికారుల బాధ్యత. వాటిని అడిగి చదివి కొనడం మన బాధ్యత. ఈసారి ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో అంగడికి పోయినప్పుడు, డబ్బు చెల్లించే ముందు పొట్లాన్ని ఒక్కసారి వెనక్కు త్రిప్పి చూడవలసినదిగా పాఠకులకు నా మనవి.